ఐదో ప్రమాణపత్రం

చెప్పులు విప్పి, వాటి ముక్కులు వీధివైపు తిప్పి పెట్టి, ఫుసాయె గురువుగారి ఇంట్లో అడుగుపెట్టింది. కొతో అనే తీగల వాద్యం మీద జపానులోని ఫుకుయామా ఊరినే ఊపేసిన కురెబయాషి ఇల్లది. ఆయన పోయాక ఉన్నదున్నట్టు ఉంచి జనానికి చూపిస్తున్నారు. వెనకాలే కూతురు తొమొకా. రానంటే బతిమాలి తెచ్చింది.

తొమొకా కొతో ముట్టడం మానేసి ముప్పై ఏళ్లయింది. పంతొమ్మిదో ఏట, గురువుగారి గుప్త బాణీ నేర్పమని తల్లిని అడిగింది. ఆయన తనకొక్కదానికే చెప్పారనీ, ఎవరికీ చెప్పనని పత్రం రాసిచ్చాననీ ఫుసాయె నోరు కుట్టేసుకుంది. "నేను పనికిరాననేగా!" అని ఆ పిల్ల తీగలు మీటడానికి వేళ్లకు తొడిగిన దంతపు గోళ్లు పీకి విసిరికొట్టింది. అందరిలోనూ తననే ఎంచుకున్నారన్న గర్వంలో కూతురి ఏడుపు ఫుసాయె కంటికి ఆనలేదు.

గాజు పెట్టె దగ్గర తొమొకా ఆగింది.

"అమ్మా, ఇది నీ చేతిరాతేగా?"

"నాదే. 'నాకొక్కదానికే నేర్పిన ఈ బాణీని కన్నబిడ్డకైనా చెప్పను.' చూశావా, నేను అబద్ధమాడానా?"

"మరి పక్కనున్నవి ఎవరివి?"

ఏడు పత్రాలు. చేతిరాతలు వేరు, ముద్రలు వేరు, మాటలు మాత్రం అవే. ఫుసాయెది ఐదోది.

"ఎవరికి వారు తామొక్కరమే అనుకున్నారండీ!" ఇల్లు చూసుకునే ఓగాతా నవ్వాడు. "గడుసు గురువుగారు! ఇది రాసింది మీరా? మిగతా ఆరుగురూ పోయారు. ఆ బాణీ ఇక మీ దగ్గరే ఉందమ్మగారూ. ఆయన కొతో లోపలుంది, ఒక్కసారి వాయించండి, రికార్డు చేసుకుంటాం."

ఫుసాయెకు ఒళ్లు మండిపోయింది. పచ్చి మోసగాడు! ఆ గురువు మాట పట్టుకుని కడుపున పుట్టినదాన్ని దూరం చేసుకుంది.

"ఇంటికి పద, ఇవాళే మొదలుపెడదాం. నేర్పుతాను," అంది కూతురితో.

"నాకు నలభై తొమ్మిదేళ్లమ్మా. నేర్పడం సరే, ముందు వినిపించు. అదెలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

ఫుసాయె కొతో ముందు కూర్చుంది. దంతపు గోళ్లు తొడుక్కుంది. మొదటి వరస చక్కగా పలికింది. రెండోది తడబడింది. మూడోదాని మధ్యలో చెయ్యి గాలిలో ఆగిపోయింది.

కూతురు వింటుందన్న భయంతో ఇంట్లో ఆ బాణీని ఆమె ఏనాడూ సాధన చేయలేదు.

"ఊఁ," అంది తొమొకా, పక్కనే కూర్చుంటూ. "తర్వాత?"