డాబా మీద పదిహేడు మంది

పద్మావతి పిరికిదని గుమ్మడిలంకలో అందరికీ తెలుసు. ఉరిమితే స్తంభానికి ఆనుకుని చెవులు మూసుకునేది. దొడ్లో ఆవు తల విదిలిస్తే చెంబు అక్కడే వదిలేసి వచ్చేది. కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్ళయినా ఆ భయాల మీద అత్తగారు అచ్చయమ్మ వేసే హాస్యాలు తగ్గలేదు.

ఆమె బావగారు గంగరాజు సంగతి వేరు. పోటు మీదున్న గోదావరిని రెండుసార్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినవాడు. గట్టుకు గండి పడినా, గొడ్డు నూతిలో పడినా లంకవాళ్ళు ముందుగా ఆయనకే కబురు పెట్టేవారు. భార్య పోయాక తమ్ముడు రాజబాబు ఇంట్లోనే ఉంటున్నాడు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి లంకను ముంచేసింది. పద్మావతి భర్త రాజబాబు ఇంటి పడవలో కొబ్బరికాయల లోడుతో మలికిపురం వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయాడు. చుట్టుపక్కల పూరిళ్ళవాళ్ళంతా వీళ్ళ డాబా ఎక్కారు. ఇంటివాళ్ళతో సహా ముసలీ ముతకా, పిల్లాజెల్లా కలిపి పదిహేడు మంది. రెండు రోజులు తడిసిన అటుకులు తింటూ గడిపారు.

మూడోరోజు పొద్దున వాన వెలిసింది. చుట్టూ ఎర్రటి నీళ్ళు. ఎక్కడిదో గడ్డిమేటు తేలిపోతోంది, దాని మీద నాలుగు కోళ్ళు. నీళ్ళు డాబా అంచుకు జానెడు దూరం దాకా ఎక్కేశాయి. అప్పుడే నదివైపు గోడ పటపటమంది. డాబా మీద వేలెడు వెడల్పున బీట పడింది.

కొబ్బరి దింపు తీసే ముత్యాలు అంచున బోర్లా పడుకుని, గోడ వెంట తిరుగుతున్న సుడిని తొంగిచూశాడు.

"అయ్యగారండీ, పునాది కింద మట్టి కొట్టుకుపోయిందండీ. మజ్జాన్నం దాకా నిలవదండీ ఇది."

అందరి చూపులూ గంగరాజు మీదికి వెళ్ళాయి. ఆయన పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఒరే గంగా, ఏం చెయ్యమంటావురా?" అంది అచ్చయమ్మ.

గంగరాజు పెదవులు కదిలాయి, మాట రాలేదు. కళ్ళు నీళ్ళలో ఒకేచోట నిలిచిపోయాయి. వేళ్ళు పిట్టగోడను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోళ్ళు తెల్లబడ్డాయి. ఆయన్నలా చూడగానే మిగతావాళ్ళ ధైర్యం జారిపోయింది. పూరిళ్ళ నుంచి వచ్చిన కాంతమ్మ శోకాలు మొదలుపెట్టింది. పక్కింటి చిన్నబ్బాయి, నలభై ఏళ్ళ మనిషి, ఉన్నట్టుండి పంచె ఎగ్గట్టి "నేను పోతానండీ, ఈదుకుంటా పోతాను" అంటూ అంచు వైపు పరుగెత్తాడు. అతనికి ఈత రాదు.

అతని నడుం పట్టి వెనక్కి లాగింది పద్మావతి. లాగాక గానీ ఆ పని చేసింది తానేనని ఆమెకు తెలియలేదు.

ఆమె గుండె దడదడ కొట్టుకుంటోంది. కానీ అది భయం కాదు. భయం ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఇది ఇంకేదో. ప్రతి వస్తువూ కడిగినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. కొట్టుకొచ్చిన అరటి బోదెలు గోడకు ఆనుకుని ఊగుతున్నాయి. డాబా మీద ఆనపాదుకు వేసిన పందిట్లో వెదురు గడలున్నాయి. ఎనభై గజాల అవతల, మెరక మీద, రెండంతస్తుల స్కూలు. మధ్యలో వరసగా కొబ్బరి చెట్లు.

"ముత్యాలూ, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి తాడు తీసుకెళ్ళగలవా, స్కూలు దాకా?"

"ఆయ్, వెళ్తానండీ. తాడేదండీ?"

"ఉన్నవన్నీ ముడేద్దాం. కాంతమ్మా, ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ఆ చీరలు పేను. చిన్నబ్బాయిగారూ, పందిరి పీకండి!"

వరదకు ముందే పైకి చేర్చిన పడవ మోకు, నూతి తాడు, పశువుల పలుపులు, తడి చీరలు, అన్నీ ముళ్ళు పడ్డాయి. ముత్యాలు నీళ్ళలోకి దూకాడు. ఒకసారి మునిగాడు. మొదటి చెట్టు దగ్గర తేలి చెయ్యి ఊపాడు. పద్మావతి ఎగిరి చప్పట్లు కొట్టింది. అరగంటలో తాడు స్కూలు మేడ స్తంభానికి చేరింది. ఈలోపు అరటి బోదెలకు వెదురు గడలు కట్టి తెప్ప తయారుచేశారు. ఎక్కినవాళ్ళు ఆ తాడు పట్టుకుని స్కూలు వైపు జరగాలి. తెప్పను ఇటు నుంచి కొద్దికొద్దిగా వదలడానికీ, మళ్ళీ వెనక్కి లాగడానికీ రెండో తాడు కట్టారు. దాన్ని పట్టుకోవడానికి బలమైన చేతులు కావాలి.

పద్మావతి గంగరాజు దగ్గరికి వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ ఆయన ఎదుట గొంతెత్తి మాట్లాడలేదు.

"బావగారూ, మీరు ఈదక్కర్లేదండీ. ఎవర్నీ కాపాడక్కర్లేదు. ఈ తాడు పట్టుకోండి, అంతే."

ఆయన కదలలేదు. ఆమె ఆయన వేళ్ళను ఒక్కొక్కటే పిట్టగోడ నుంచి విడదీసింది. తాడు అరచేతిలో పెట్టి మూసింది.

"ఎన్ని బారలు వదుల్తున్నారో పైకి లెక్క చెప్పండి. ఒకటి."

తెప్ప కదిలింది. తాడు బిగిసింది.

"ఒకటి..." అన్నాడు గంగరాజు. అసలు వినబడనేలేదు. "రెండు... మూడు..."

పదో బారకు ఆయన గొంతు ఆయనకు తిరిగొచ్చింది. ఇరవయ్యో బారకు "అమ్మా, మజ్జలో కూర్చోవే, తెప్ప ఒరుగుతోంది!" అని కన్నతల్లినే కేకలేస్తున్నాడు. డాబా మీద ఎవరో నవ్వారు.

ముత్యాలు కాక, ఐదు విడతల్లో పద్నాలుగు మంది దాటారు. తాడు ఒరిసి గంగరాజు అరచేతులు నెత్తురోడాయి. వదల్లేదు. చివరికి ఆయనా, పద్మావతీ ఇద్దరే మిగిలారు. ఇటు తాడు పట్టే మనిషి ఉండడు కనక, మొదటి తాడు కొస విప్పి తెప్పకు కట్టుకున్నారు; ఈసారి అవతలివాళ్ళే లాగాలి. తెప్ప సగం దూరం వెళ్ళిందో లేదో, వెనక పెద్ద చప్పుడు. నదివైపు సగం డాబా నీళ్ళలోకి కూలింది. ఆ అల తెప్పను ఎత్తి స్కూలు వైపు విసిరింది. పద్మావతి గొంతులోంచి కేక వచ్చింది. అది ఏడుపు కాదని పక్కనున్న గంగరాజుకు తెలుసు.

వరద తీశాక లంక అంతా పద్మావతి గురించే చెప్పుకుంది. రాజబాబు పెళ్ళాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. గంగరాజు మాత్రం కొత్తగా వేసిన పాకలోంచి బయటికి రావడం మానేశాడు. నెల తర్వాత ఒక సాయంత్రం, కాఫీ తెచ్చిన మరదలితో తనే అన్నాడు.

"అందరూ నావైపే చూసేరమ్మా ఆవేళ. అన్ని కళ్ళు. ఆ చూపులకే నా కాళ్ళు చచ్చుబడిపోయేయి."

"నావైపు ఎవరూ చూళ్ళేదండీ. పిరికిదాన్ని కదండీ నేను, నా దగ్గర ఎవరికేం ఆశ? అందుకే ఏం తోస్తే అది చేసేనండి." కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. "పైకి చెప్తే బాగోదుగాని బావగారూ, నాకు ఆ పూటంతా భలే సంతోషంగా ఉందండీ. ఇప్పుడే ఏం తోచటం లేదు."

గంగరాజు ఆమె ముఖంలోకి చూశాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"అయితే ఏం చేద్దామంటావు?"

"పడవ గెడ వెయ్యడం నేర్పండి."

"ఇద్దరికీ మతిపోయింది" అన్నాడు వాకిట్లోంచి రాజబాబు.

మర్నాడు పొద్దున్నే రేవులో పడవ ముందుకు వెళ్ళకుండా గిరగిరా తిరుగుతోంది. "గెడ అటు కాదు, ఇటు!" అని గంగరాజు రేవంతా అదిరేలా అరుస్తున్నాడు. "ఇటంటే ఎటో సరిగ్గా చెప్పండి మరి!" అని పద్మావతి అంతకన్నా గట్టిగా అరుస్తోంది.