గుండు కింద పడుకున్న మనిషి

ఓడలకు దారి చూపే దీపస్తంభం పైగదిలో అద్దాలకు అంటుకున్న ఉసిళ్ళను రేకుముక్కతో గీకుతున్నాడు దీపాలాయన. రాత్రి వానకు పుట్టలన్నీ ఇక్కడికే తరలివచ్చినట్టున్నాయి. గీకేకొద్దీ రెక్కలు రాలి, ఒళ్ళు నలిగి, జిడ్డుముద్దలు చేతిమీదుగా జారుతున్నాయి. వాటికి తోడు పిట్టల రెట్ట. ఇన్నేళ్ళయినా ఆ జిగురు వేళ్ళకు తగిలితే రేకుముక్క పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంటాడు.

ఇవాళ అంతకన్నా రోత పుట్టించింది, చూడ్డానికి వచ్చే జనం కోసం కింద గోడకు కొత్తగా బిగించిన చరిత్ర బోర్డు. మొదట కొండ మీద కట్టెల మంట, తర్వాత నూనె దీపం, ఆ తర్వాత కరెంటు. అంతవరకు బాగానే రాశారు. పక్కన పెట్టిన ఫోటోలు మాత్రం తనిఖీకి వచ్చి, సగం మెట్ల దగ్గరే ఆయాసపడి దిగిపోయిన అధికారులవి. అక్క పేరు ఎక్కడా లేదు.

నూనె దీపం రోజుల్లో అద్దాల చట్రాన్ని తిప్పేది ఒక ఇనుప గుండు. గొలుసుకు వేలాడుతూ మెల్లగా కిందికి దిగేది. నేలకు తగిలేలోగా మళ్ళీ పైకి చుట్టకపోతే దీపం తిరగడం ఆగిపోతుంది. నాన్న మంచాన పడ్డాక ఆ పని అక్క నెత్తిన పడింది. నిద్ర ఆపుకోలేక, గుండు దిగే చోటే చాప వేసుకుని, దాని కింద కాలు చాపి పడుకునేది. ఇనుము పాదానికి ఆనగానే లేచి చుట్టేది. ఒకసారి ఒళ్ళెరగని నిద్రలో ఉండిపోయింది. బొటనవేలు చితికి వంకరగా అతుక్కుంది. తమ్ముడు ఉద్యోగంలో కుదురుకునేదాకా ఆమె పెళ్ళిమాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఎత్తే వయసు దాటిపోయింది.

ఆ బోర్డు మీద ఒక్క వరుస ఆమె గురించి ఉండాలి. ఆమె బతికుండగానే ఉండాలి. అతనికి కావలసింది అంతే.

మధ్యాహ్నం, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చిన అధికారికి, ఇప్పటికీ వేలాడుతున్న ఆ పాత గుండును చూపిస్తూ ఇదంతా చెప్పాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"భలే ఉందండీ. ఇక్కడ ఒక బొమ్మను పడుకోబెడదాం. టోపీ, మీసాలు, యూనిఫాం..."

"పడుకున్నది మా అక్కండీ."

"ఆవిడ ఉద్యోగంలో లేరు కదా. ఆడమనిషంటే జనం నమ్మరు కూడాను. ఎలా పడుకోవాలో మీరు కాస్త చూపిస్తే కొలతలు తీసుకుంటాం."

ఛీ అనుకున్నాడు. అనుకుంటూనే పడుకున్నాడు. పై అధికారి చెప్పాక కాదనడం ఆ ఒంటికి ఏనాడూ అలవాటు లేదు. లేచి దుమ్ము దులుపుకుంటుంటే, పొద్దుటి పురుగుల మీద కన్నా తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది.

స్తంభం పక్కనే ఉన్న ఇంట్లో అక్క మంచం మీద ఉంది. కొన్నాళ్ళుగా లేవడం లేదు.

"అక్కా, నీ బదులు మీసాల బొమ్మను పెడతారట. కొలతలు నేనే ఇచ్చాను."

ఆమె చేతిలోని కుట్టు దిండు పక్కన పెట్టింది.

"ఇస్తే ఇచ్చావులేరా. గుండుకి సరిగ్గా కింద మాత్రం పెట్టొద్దను. పాపం, దాని వేలు కూడా పోతుంది. కాస్త టీ పెట్టు."

గోడవైపు తిరిగి పడుకుంది. అతను టీ తెచ్చేసరికి ఇటు తిరగలేదు. రెండుసార్లు పిలిచాడు. పాదం పట్టుకుని కదిపాడు. చల్లగా ఉంది.

సాయంత్రం నలుగురూ వచ్చి ఆమెను తీసుకెళ్ళారు. దిండు పక్కన, అద్దాలు తుడవడానికని పాత దుప్పటి చింపి ఆమె అంచు కుడుతున్న గుడ్డ మిగిలింది, సూది సగం కుట్టులోనే ఆగి ఉంది.