అబ్బులు తలలో చిక్కిపోయిన నేను

నేను ఒక హిప్పోకాంపస్‌ని. నోరు తిరక్కపోతే నన్ను తిట్టకండి, ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. చెవి పక్కనుంచి లోపలికి వెళితే, మెదడు మడతల్లో చిటికెనవేలంత ఉంటాను. అవతలి పక్క నా జోడీ ఉంటుంది. జ్ఞాపకాలు పోగుచెయ్యడం మా పని. ఆత్మకథలు చెప్పుకునే నాణేలకైతే చేతులు మారే యోగం ఉంది. నాకు అమ్మ కడుపులో తయారైన నాటినుంచీ ఒక్కడే యజమాని, సామర్లకోట పెళ్లిళ్ల వంట మాస్టరు అబ్బులు. పెత్తనం చేసేవాళ్లు మాత్రం ఊరంతా!

భార్య కడుపున పాప పడ్డ ఏడాది అబ్బులుకి దిగులు పట్టుకుంది. నేను చిక్కిపోయాను. జనం లొట్టలేసుకుంటూ తిన్న విందులు ఒక్కటీ పైకి తియ్యలేకపోయాను. ఎప్పుడో పాసిపోయిన పులిహోర మాత్రం పిలవకుండానే వచ్చేది. "నేను బతికి ఎవడికి లాభం?" అనేవాడు. భార్య రత్నకుమారి వణికిపోయేది. చుట్టాలేమో తిన్నదరక్క అన్నారు. అన్నం సయించక ఎముకలు తేలినవాణ్ణి పట్టుకుని తిన్నదరక్కట! ఒళ్లు మండదూ? కాలు విరిగితే కట్టు కడతారు, నేను చిక్కితే గుమ్మానికి నిమ్మకాయ కడతారు.

చివరికి రత్నకుమారే అతణ్ణి కాకినాడ తీసుకెళ్లింది. "దిగులు ముదిరితే మెదడులో జ్ఞాపకాల చోటు చిక్కిపోవచ్చమ్మా. మందు నెలల తరబడి వాడాలి. నన్నడక్కుండా మానొద్దు" అంది డాక్టరమ్మ. మాత్రలతో మెల్లగా నాలో కదలిక వచ్చింది. ఓ రోజు వంకాయలు వేయిస్తున్న అబ్బులుకి, అన్నప్రాశన నాడు పాప పాయసం గిన్నెలో చెయ్యి ముంచడం గుర్తుచేశాను. నవ్వాడు. రత్నకుమారి కొంగుతో కళ్లొత్తుకుంది.

ఊరుకున్నారా? కార్తీకంలో అన్న ధర్మరాజు తనతోపాటు తమ్ముడికీ అయ్యప్ప మాల వేయించాడు. వేయించనీ, ఎవరొద్దన్నారు? మాలలో అన్నదమ్ములైనా 'స్వామీ' అనే పిలుచుకోవాలి. "మాలలో ఇంగ్లీషు మందులేంటి స్వామీ, మైల! అయ్యప్పే చూసుకుంటాడు" అని ఈ మహానుభావుడు మాత్రలు అటకెక్కించాడు. తన గ్యాసు బిళ్లలు మాత్రం జేబులోనే ఉన్నాయి. అవి ఏ భాషవో!

నేను మళ్లీ ఎండిపోయాను. స్వాములకి భిక్ష వండుతూ ఓ మధ్యాహ్నం అబ్బులు గరిటె వదిలేశాడు. "నావల్ల కాదు. నేను పోతాను" అన్నాడు. రత్నకుమారి పరుగున, భిక్షకొచ్చిన గురుస్వామి దగ్గరికెళ్లి, మాత్రల సంగతంతా చెప్పింది. "మాల తీసేయండి గురుస్వామీ. నాకు మనిషి కావాలండి!"

గురుస్వామి పక్కనే ఉన్న ధర్మరాజు వైపు తిరిగాడు. "మందు మానమని నేను చెప్పానా స్వామీ? బీపీ బిళ్ల వేసుకోకుండా నేనేనాడైనా కొండెక్కానా?"

"అది ఒంటికి కదండీ. ఇది మనసుకి..." అని నసిగాడు ధర్మరాజు.

ఓరి నీ తెలివి తెల్లారా! అబ్బులు నెత్తురుతోనే కదయ్యా నేను బతుకుతున్నది! నేను ఒళ్లు కాకపోతే మరేమిటి?

డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగి, అక్కడికక్కడే మాత్ర మింగించారు. శబరిమల వెళ్లొచ్చి అబ్బులు మాల తీశాడు. మాత్రలు మానలేదు. నేను కోలుకుంటున్నాను, మెల్లగా.

కానీ మందు మానేసిన ఆ రోజుల్లోనే పాప మొదటి అడుగులేసింది. అబ్బులు ఎదురుగానే కూర్చున్నాడు. కళ్లు చూశాయి, నేను దాచలేకపోయాను. "మీ ముందే నడిచింది కదండీ" అని రత్నకుమారి అంటే ఇప్పుడు తెల్లమొహం వేస్తున్నాడు. పోయిన బలం మాత్రలతో వస్తుందేమో. ఆ అడుగులు ఎక్కణ్ణుంచి తేను, ధర్మరాజూ?