పన్నెండింటి వంతు

యేసుబాబు బిగించిన బోల్టును యేసుబాబే నమ్మడని ఆటోనగర్‌లో ఒక పేరుంది. బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో అతను సూపర్‌వైజరు. సాయంత్రం పనివాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోయాక, పానా పట్టుకుని సీట్ల కింద దూరి, వాళ్లు బిగించినవన్నీ మళ్లీ ఓసారి తిప్పి చూసుకుంటాడు. "ఏమయ్యా, రేపు బస్సు రోడ్డెక్కాక కూడా పానా పుచ్చుకుని వెనకాలే పరిగెత్తుతావా?" అని యజమాని వెంకటసుబ్బారావు వేళాకోళం చేసేవాడు. యేసుబాబు నవ్వి ఊరుకునేవాడు.

కూతురు కృపకు గుండెలో వాల్వు మార్చాలని డాక్టర్లు తేల్చాక ఆ నవ్వు కూడా పోయింది.

చిన్నప్పుడెప్పుడో ఆ పిల్లకు కీళ్లజ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాల్వును పాడుచేసిందని పెళ్లయ్యాక, బడిలో పాఠం చెబుతూ ఆయాసంతో కూలబడిన రోజున తెలిసింది. ఆపరేషన్ తేదీ ఖాయమైంది మొదలు యేసుబాబుకు కంటిమీద కునుకు లేదు. పడుకోవడం, లేవడం, మోకాళ్ల మీద పడడం. ప్రార్థనలో కూడా అతనిది షెడ్డు పద్ధతే. ముందు డాక్టరు కళ్లు, తర్వాత చేతులు, తర్వాత మత్తిచ్చేవాళ్లు, నర్సులు, ఎక్కించే రక్తం, గుండె ఆగినంతసేపూ దాని పని చేసే మిషను, ఆ మిషనుకు కరెంటు, కరెంటు పోతే జనరేటరు, జనరేటరులో డీజిలు. డీజిలు దాకా వచ్చాక, రక్తం సంగతి చెప్పానా లేదా అని అనుమానం వచ్చేది. మళ్లీ మొదటినుంచి.

రెండేళ్ల కింద భార్య పోయినప్పుడు అతను పక్కన లేడు. మందుల షాపు ముందు నిలబడి ఉన్నాడు. నేను పక్కనే ఉండి ప్రార్థనలో ఉంటే ఆమె నిలిచేదేమోనన్న ముల్లు ఒకటి లోపల దిగబడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఈసారి మాత్రం ఏమరకూడదని పట్టు పట్టాడు.

భవానీపురంలో వాళ్ల సంఘంలో ఎవరికైనా పెద్ద కష్టం వస్తే గొలుసు ప్రార్థన పెడతారు. పొద్దుట మొదలుపెట్టి సాయంత్రం దాకా, ఒకరి తర్వాత ఒకరు, గంటకొకరు మందిరంలో మోకరించాలి. తర్వాతివాళ్లు వచ్చి భుజం తట్టి "వందనాలు, నేనొచ్చాను" అంటేనే ముందువాళ్లు లేవాలి. మధ్యలో గొలుసు తెగకూడదు. ఫోన్లు పాస్టరు సంజీవరావు గారింట్లో పెట్టి రావాలి.

"పన్నెండింటి వంతు నాకియ్యండయ్యగారూ. ఆపరేషన్ మొదలయ్యేది అప్పుడే," అన్నాడు యేసుబాబు.

"నువ్వు ఆస్పత్రిలో ఉండొద్దూ?"

"అక్కడ చేసేదేముందండీ, తలుపు బయట నించోవడమే గదా. ఇక్కడైతే పనిలో ఉంటాను."

పాస్టరు గారు అతని కళ్లలోకి చూశారు. అవి గోరింటాకు పెట్టినట్టున్నాయి. "పడుకుంటున్నావా అసలు?"

"అయ్యాక పడుకుంటానండీ."

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆస్పత్రిలో కృప కూడా ఆ కళ్లే చూసింది. "నాన్నా, నాకంటే నువ్వే పేషెంటులా ఉన్నావు. నర్సమ్మ పొరపాటున నిన్ను లోపలికి తీసుకెళ్లగలదు, జాగ్రత్త." అల్లుడు సురేష్ నవ్వబోయి మొహం తిప్పుకున్నాడు. యేసుబాబు అక్క మణెమ్మ అతన్ని తలుపు దాకా తోసుకుంటూ వచ్చింది. "వెళ్లరా తమ్ముడూ. నువ్విక్కడుంటే ఈ వరండా అరిగిపోతుంది. నేను ఫోన్ చేస్తాగా."

మందిరంలో ముందు వంతువాడి భుజం తట్టి యేసుబాబు చాప మీద మోకరించాడు. కృష్ణానది మీది గాలి కిటికీలోంచి వస్తోంది. పైన ఫ్యాను టకటకమంటోంది. డాక్టరు కళ్లు, డాక్టరు చేతులు అని మొదలుపెట్టాడు. నర్సుల దగ్గర మాట తడబడింది. మళ్లీ కళ్లు, చేతులు. ఈసారి రక్తం దాకా వెళ్లాడు. నడుము నొప్పిగా ఉంటే నుదురు చాపకు ఆనించాడు. చాప చల్లగా ఉంది.

ఆ తర్వాత వినపడినవి గుసగుసలు.

"వంతులో ఉన్నవాడు నిద్రపోతే గొలుసు తెగినట్టా, తెగనట్టా?" అది సంపూర్ణమ్మ గొంతు. స్త్రీల సమాజానికి పెద్ద.

"తెగడమేంటమ్మా? మా జపమాలలో అయితే, చెప్తూ చెప్తూ నిద్రపోతే మిగతాది సమ్మనస్కులు పూర్తి చేస్తారంటారు." ఇది పక్కింటి శౌరమ్మ. ఆమెది కథోలిక గుడి. అయినా కృప చిన్నప్పటినుంచి తన చేతి అట్లు తిన్న పిల్లని, జపమాల పట్టుకుని వచ్చి కూర్చుంది.

"సమ్మనస్కులంటే?"

"మీరు దేవదూతలంటారే, వాళ్లే."

"మా దూతలు అంత సులువుగా వంతులు పుచ్చుకోరమ్మా," అంది సంపూర్ణమ్మ. ఎవరో కిసుక్కుమన్నారు.

యేసుబాబుకు ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. దిగ్గున లేచి కూర్చున్నాడు. తల కింద ఎవరిదో మడత పెట్టిన శాలువా ఉంది. ఎండ ఇటు గోడమీంచి అటు గోడమీదికి వెళ్లిపోయింది. వంతులు అయినవాళ్లూ కానివాళ్లూ చాపల మీద ఏడెనిమిదిమంది ఉన్నారు. తన వంతే కాదు, తన తర్వాతి రెండు వంతులూ అయిపోయాయి.

"లేపలేదేంటమ్మా?" అన్నాడు. "అక్కడ పిల్ల బల్ల మీదుంటే, ఇక్కడ నేను గుర్రు పెట్టి నిద్రపోయానా?"

"గుర్రంటే మామూలు గుర్రు కాదబ్బాయ్," అంది సంపూర్ణమ్మ. "నేనొచ్చి భుజం తడదామని చెయ్యి చాపాను. అయ్యగారు వద్దన్నారు. సరే, నీ పక్కన కూర్చుని నా వంతు నేను చేసుకున్నాను. నా తర్వాతి వాళ్లూ అంతే."

పాస్టరు గారు వెనక బెంచీ మీదనుంచి లేచి వచ్చారు. ఆయన చేతిలో యేసుబాబు ఫోనుంది. "మీ అక్క రెండుసార్లు చేసింది. పన్నెండింటికి మొదలు కాలేదట. ఎవరికో యాక్సిడెంటై ప్రాణం మీదికొస్తే ముందు వాళ్లను తీసుకున్నారు. కృపను లోపలికి తీసుకెళ్లేసరికి రెండు దాటిందని మళ్లీ చేసింది. ఇంకా జరుగుతోంది. మొదటి ఫోను సంగతి చెప్దామనే ఒంటిగంటకు వచ్చాను. చూస్తే నువ్విలా ఉన్నావు."

పట్టుబట్టి పుచ్చుకున్న గంటలో అక్కడ ఏమీ జరగలేదు. అసలు జరగాల్సింది మొదలైనప్పుడు తను ఒళ్లు తెలియకుండా పడున్నాడు.

"అప్పుడైనా లేపాల్సిందండీ," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాని తల్లప్పుడూ ఇంతే. నేను లేను. నేనుంటేనా..." మిగతాది లోపలే ఆగిపోయింది. రెండేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదలు.

పాస్టరు గారు అతని పక్కన చాప మీద చతికిలబడ్డారు. ఆయనకు మోకాళ్ల నొప్పి. కూర్చోవడానికి కాసేపు పట్టింది.

"మీ ఆవిడ పోయినప్పుడు ఆ గదిలో నేనున్నాను, యేసుబాబూ. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. మరి అప్పుడు తప్పు నాదంటావా?"

"అయ్యో, అదేం మాటండీ!"

"నాకు కానిది నీకెలా అవుతుంది? నువ్వు నిలబడి చూస్తుంటేనే దేవుడు పని చేస్తాడనుకుంటే, ఆయన్ని కూడా నీ షెడ్డులో కూలివాణ్ణి చేసినట్టే. ఆయన నీ దగ్గర పనికి కుదరలేదయ్యా. నిన్ను కన్నవాడు ఆయన. మోయలేకపోతున్నావని తెలుసు గనకే పడుకోబెట్టాడు."

యేసుబాబు తల తిప్పి చుట్టూ చూశాడు. ఫ్యాను టకటకమంటూనే ఉంది. చాపల మీద ఎవరి ప్రార్థన వాళ్లు సన్నని గొంతుతో చేసుకుంటున్నారు. వంతుకు వచ్చిన పాల షాపతను తనకొచ్చిన మాటల్లో చేస్తున్నాడు. శౌరమ్మ వేళ్ల మధ్య పూసలు జారుతున్నాయి. తనొక్కడే మోస్తున్నాడనుకున్న దాన్ని ఇంతమంది, తను నిద్రపోతున్నా దించకుండా పట్టుకుని ఉన్నారు. వీళ్లందరికంటే ముందునుంచి పట్టుకున్నవాడు ఇంకొకడున్నాడు. అనుకుంటుంటే భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

"అయితే నేను బయల్దేరతానండీ."

"తినకుండా కదిలావంటే చూడు," అంది సంపూర్ణమ్మ, క్యారియరు విప్పుతూ. పెరుగన్నం, మామిడికాయ ముక్క. నాలుగు రోజులుగా ఏం తిన్నాడో అతనికి గుర్తు లేదు. ఈ ముక్క మాత్రం పుల్లగా, కారంగా నాలుకకు తగిలింది. ఇంకో ముక్క అడిగి వేయించుకున్నాడు.

ఆటోలో వెళ్లమన్నారు గానీ, ఎదురుగా సిటీ బస్సు కనపడితే ఎక్కేశాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఫ్లైఓవరు మీదినుంచి చూస్తే బ్యారేజీ వెనక నీళ్లు నిండుగా ఉన్నాయి. అలవాటుగా కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. డాక్టరు కళ్లు, డాక్టరు చేతులు. అక్కడ ఆగాడు. 'మిగతాది నీకు తెలుసు తండ్రీ,' అనుకుని కళ్లు తెరిచాడు. భయం పూర్తిగా పోలేదు. కాకపోతే ఇందాకటిదాకా అది నెత్తిమీద కూర్చుంది, ఇప్పుడు పక్క సీట్లో కూర్చున్నట్టుంది.

ఆస్పత్రిలో మణెమ్మ తలుపు వైపే చూస్తోంది. సురేష్ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. యేసుబాబు బెంచీ మీద కూర్చున్నాడు. తమ్ముడు కూర్చోవడం మణెమ్మకు వింతగా తోచింది. వీధి లైట్లు వెలిగే వేళకు డాక్టరు బయటికొచ్చి టోపీ తీశాడు.

"వాల్వు బాగా కూర్చుందండీ. గుండె తనంతట తనే కొట్టుకోవడం అందుకుంది. కానీ ఈ రాత్రి గడవాలి. రేపు తెలివొచ్చాక గానీ నేనేమీ గట్టిగా చెప్పలేను."

సురేష్ బెంచీ మీద కూలబడి, మోచేతుల్లో మొహం దాచుకున్నాడు. యేసుబాబు అతని వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచాడు. లోపలికి ఎవరినీ రానివ్వరనీ, బయట ఒక్కరుంటే చాలనీ నర్సు చెప్పింది.

"నేనుంటా మామయ్యా," అన్నాడు సురేష్.

మణెమ్మ తమ్ముడి వైపు చూసింది. వద్దంటాడని, తనే ఉంటానంటాడని, ఈ రాత్రంతా తలుపు దగ్గర నిలబడతాడని ఆమెకు తెలుసు.

"సరే నాన్నా, నువ్వుండు," అన్నాడు యేసుబాబు. "నేనింటికెళ్లి పడుకుంటాను. పొద్దున్నే వస్తాను."

మణెమ్మ ఒక్క అడుగు ముందుకేసి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం గానీ తగిలిందేంట్రా?"

"లేదక్కా. నిద్రొస్తోంది." చెప్పులు సరిచేసుకుంటూ అల్లుడి వైపు తిరిగాడు. "నీకు టిఫిను ఇడ్లీ తేనా, ఉప్మానా?"