సంగిడికి ముందు సాము

మొగుడు కొండలు మీసమంటే సీతాలుకు ప్రాణం. ఆ మీసాన్నే అతను పందెంలో పెట్టి వచ్చాడని తెలిసి నోటికొచ్చినట్టు తిట్టింది. బలపరీక్షకు ఎత్తే సంగిడి రాయిని భుజం మీదికెత్తలేనివాడు అందరి ముందూ మీసం తీయించుకోవాలట. పోటీకి దిగినవాడు చికిటి ఊరి రైతు జగ్గారావు, బరంపురం గరిడీలో సాము చేసి కండలు పెంచినవాడు. కొత్తగా ఒరిస్సా రాష్ట్రం వచ్చిన ఏడాది అది. సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు రామయ్యపట్నంలో జనం ఆ ముచ్చట కూడా మానేసి ఈ మీసాల గురించే మాట్లాడుకున్నారు.

పందెం రోజు జగ్గారావు ఒళ్లు వేడెక్కడానికి ఇసుకలో కాసిని దండీలు తీసి లేచాడు. అతను అంతటితో ఆగితే కొండలు కొంప మునిగేదే. ఒడ్డున వల లాగేటప్పుడు మొదట్లోనే వీరంగం వేసినవాడికి, చేపలు ఒడ్డుకొచ్చే వేళకు చేతుల్లో పట్టుండదని సీతాలుకు బాగా తెలుసు. చేపల గంప దించి అతని ముందు చతికిలబడింది.

“అంతేనా బాబూ? బరంపురం గరిడీ అంటే ఇంకా ఏటో అనుకున్నాను.”

జగ్గారావు మళ్లీ వంగాడు.

“ఏటి కండలు బాబూ! మా మావకి ఏవీ ఇలాటివి? ఎనకున్న ఆడోళ్లకి కనపళ్లేదు, మరోపాలి సూపించు.”

పొగిడితే పొంగిపోని మగవాణ్ని సీతాలు ఇంతవరకూ చూడలేదు. దండీలయ్యాయి, బస్కీలయ్యాయి, ఆమె అడిగిందని తెప్ప దుంగను కూడా ఎత్తి దించాడు. సీతాలు కొంగు చాటున నవ్వుకుంది.

తీరా చూస్తే సంగిడి జగ్గారావు మోకాలు దాటి రాలేదు. చేతుల్లో పట్టు లేక, రాయి జారి ఇసుకలో పడింది. మంగలి కత్తి నూరడం మొదలుపెట్టాడు.

ఇక కొండలు వంతు. రోజూ ఎత్తే రాయే కదా అని సీతాలు నిశ్చింతగా నిలబడింది. కొండలు వంగాడు, పట్టాడు, మోకాలి దాకా కూడా తేలేకపోయాడు. ఆమె అతని దగ్గరికి పరుగెత్తింది.

“ఏటైపోనాది మావా నీకు?”

కొండలు తల వంచుకున్నాడు. “నువ్వు ఆడి కండల్ని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోనాది. పడవ ఎనక్కెల్లి ఆడు తీసినన్నీ నానూ తీసినాను. ఆడికన్నా ఎక్కువే తీసినాను.”

సీతాలుకు కోపం రావాలి, ఎందుకో రాలేదు. మంగలి ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టాడు. పని అయ్యాక ఆమె మొగుడి బోసి మూతిని తడిమి చూసి, చెవిలో చెప్పింది.

“మీసం మల్లీ మొలుస్తాదిలే. ఈపాలి నిన్నే పొగుడుతాను. నువ్వు మాత్రం కదలకుండా కూకుని ఇను.”