కాక్ ఏ చేత్తో ఇవ్వాలి?

బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకోవడం నేర్పేటప్పుడు అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. "రాకెట్‌తో చెయ్యి కలపండర్రా, ఇంటికొచ్చిన పెద్దమనిషితో కలిపినట్టు" అన్నాను. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మా నాలుగో తరగతి పిల్లలంతా ఒక్కసారిగా వంగి, రాకెట్ పిడిని భక్తిగా అందుకుని నుదుటికి తాకించుకున్నారు. పెద్దవాళ్ళ చెయ్యి అందితే నుదుటికి తాకించుకోవాలని మా జావాలో పిల్లలకి నడక కంటే ముందే నేర్పుతారు. వాళ్ళని అనేం లాభం? ఊరిపెద్ద మనవడు తిర్తా అయితే ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. పిడిని ముక్కుకి కూడా తాకించి, "బాగున్నారా తాతగారూ, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని పలకరించాడు.

"తాతగారు బాగానే ఉన్నారు గానీ నువ్వు నిటారుగా నిలబడు" అన్నాను. "గొంతు పిసికినట్టు పట్టుకోకండి. పిట్టపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోండి."

బొటనవేలూ చూపుడువేలూ ఎక్కడుండాలో చూపిస్తూ, ఒక్కొక్కరి వేళ్ళూ సరిచేసుకుంటూ వచ్చాను. వెనింగ్ దగ్గర సరిచెయ్యడానికేమీ లేదు. ఆ పిల్ల పట్టు చూస్తే నాకే ముచ్చటేసింది. కాకపోతే, పట్టుకున్నది ఎడమచేత్తో.

నేను నోరు విప్పేలోపే గోడ పక్కనుంచి కేక వినిపించింది.

"ఒసే వెనింగ్, పెద్దమనిషికి ఎడమచెయ్యి ఇస్తావటే!"

ఆ గొంతు సరింతెన్ అవ్వది. వెనింగ్‌కి అమ్మమ్మ. బడి గోడవారనే బండి పెట్టుకుని, పులియబెట్టిన సోయాగింజల టెంపే ముక్కల్ని పిండిలో ముంచి మెందోఆన్ బజ్జీలు వేస్తుంటుంది. ఒక కన్ను మూకుడు మీద, రెండోది మా కోర్టు మీద.

"అవ్వా, అది పెద్దమనిషి కాదు, రాకెట్" అన్నాను.

"పెద్దమనిషని అన్నది నువ్వే కదమ్మా టీచరమ్మా. నాకింకా చెవుడు రాలేదు. ఎడమచెయ్యి దేనికో నీకు తెలీదా? ఇవాళ దాంతో పలకరింపులు చేయిస్తావు, రేపు దాంతోనే అన్నం వడ్డించమంటావు. మా ఇంట్లో అవేం కుదరవు. కుడిచేత్తో ఆడితే ఆడుతుంది, లేకపోతే మానేసి నా దగ్గర పిండి కలుపుతుంది."

ఆ రోజునుంచి వెనింగ్ కుడిచేత్తో ఆడింది. ఆడిందని మర్యాదకి అంటున్నాను. ఈకల కాక్ ఒకవైపు వస్తే రాకెట్ ఇంకోవైపు వెళ్ళేది. పక్క ఊరి బడితో పోటీకి నలుగురు కావాలి, గురువారం సాయంత్రం ఎంపిక. ఆ నలుగురిలో ఉండాలని ఈ పిల్ల ఏడాదిగా తపిస్తోంది. ఇంట్లో చీపురు తిరగేసి గోడకి బంతి కొడుతుంటే అవ్వ రెండు తగిలించిందట కూడా.

"టీచర్, గురువారం ఒక్కరోజు ఎడమచేత్తో ఆడనివ్వరూ?" అని నా చెవిలో అడిగింది.

"మీ అమ్మమ్మ ఊ అంటే ఆడు. ఆవిడ నోట్లో పడే ఓపిక నాకు లేదు తల్లీ."

వెనింగ్ కళ్ళు చిన్నవి చేసి అవ్వ బండివైపు చూసింది. ఆ పిల్ల అలా చూస్తే భయపడాలని నాకప్పటికి తెలీదు.

బుధవారం విరామంలో నేను బండి దగ్గర నిలబడి మెందోఆన్ తింటున్నాను. వెనింగ్ వచ్చింది. కుడిచేతిలో రాకెట్, ఎంతో బుద్ధిగా. ఎడమచేత్తో కాక్‌ని అవ్వ ముక్కు దగ్గర పెట్టి, "ఇదిగో అమ్మమ్మా, తీసుకో" అంది.

అవ్వ మొహం జేవురించింది. "ఎడమచేత్తో ఇస్తావా? నిన్ను నేను పెంచానా, గేదె పెంచిందా?"

"మరేం చెయ్యను? కుడిచేతిలో రాకెట్ ఉండాలన్నావుగా. కాక్ ఎడమచేత్తోనే ఇవ్వాలి. సర్వీసంటే అదే. కావాలంటే టీచర్ని అడుగు."

అవ్వ గరిటె మూకుట్లోనే వదిలేసి కోర్టువైపు తిరిగింది. అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు. అందరి కుడిచేతుల్లోనూ రాకెట్లే, అందరూ ఎడమచేత్తోనే కాక్ అందిస్తున్నారు. ఇన్నేళ్ళుగా కళ్ళముందు జరుగుతున్నదే అయినా, ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"ఆ ఊరిపెద్ద మనవడు కూడానా?" అంది గొంతు తగ్గించి.

"వాడు అందరికంటే ఎక్కువ" అంది వెనింగ్.

"టీచరమ్మా, స్వాతంత్ర్య దినం ఆటల్లో నువ్వు హెడ్మాస్టారితో ఆడావు. ఆయనకి నువ్వు ఏ చేత్తో ఇచ్చావు?"

నోట్లో మెందోఆన్ అడ్డం పడింది. "ఎడమచేత్తోనే అవ్వా."

"ఆయన ఏం చేశారు?"

"తిప్పికొట్టారు."

"మరి కొట్టరూ!" అంది అవ్వ. మూకుట్లో ముక్కలు మాడిపోతున్నా పట్టించుకోకుండా తీర్పు చెప్పేసింది. "ఇచ్చేది కుడిచేత్తో ఇవ్వాలి. కొట్టడమంటావా, అది పాడుపనే కాబట్టి దానికి ఎడమచెయ్యి చాలు. వెనింగూ, మార్చుకో. ఈ ఊళ్ళో మర్యాద తెలిసినదానివి నువ్వొక్కదానివైనా ఉండాలి."

వెనింగ్ తల వంచుకుని "నీ ఇష్టం అమ్మమ్మా" అంది. అంత వినయం ఆ పిల్లలో నేను ముందెప్పుడూ చూడలేదు.

గురువారం ముగ్గురు ఎంపికైపోయారు. నాలుగో చోటుకి మిగిలింది తిర్తా, వెనింగ్. అవ్వ పీట తెచ్చుకుని సరిగ్గా నెట్ పక్కనే కూర్చుంది. తిర్తా సర్వీసుకి కాక్ పట్టుకున్నప్పుడల్లా నెమ్మదిగా, ఎవరినీ ఉద్దేశించనట్టు అనేది.

"ఊరిపెద్ద ఇంటి బిడ్డ. ఎడమచేత్తో ఇస్తున్నాడు. ఆ మహాతల్లి, వీడి తాతమ్మ, బతికుంటే ఎంత కుమిలిపోయేదో."

పాపం వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఒక కాక్ నెట్‌కి కొట్టాడు, ఒకటి నా మీదకి కొట్టాడు. చివరికి చేతులు మార్చుకుని ఎడమచేత్తో కొట్టబోతే రాకెట్టే జారి బడి అరుగు మీద పడింది. అవ్వని నోరు మూసుకోమనాల్సింది నేను. నవ్వు ఆపుకునే పనిలో ఉండి ఊరుకున్నాను. వెనింగ్ గెలిచింది. అవ్వ పీట చంకన పెట్టుకుని, బండి తోసుకుంటూ, నమాజు వేళకి ఇంటికి వెళ్ళిపోయింది.

తిర్తా అరుగు మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఏం చెయ్యాలో ఆలోచిస్తుండగా వెనింగ్ వచ్చింది.

"టీచర్, మళ్ళీ ఆడించండి."

"గెలిచావు కదే."

"నేనెక్కడ గెలిచాను? అమ్మమ్మ నోరు గెలిచింది. రేపట్నించి వీడు జన్మంతా అదే పాట పాడతాడు."

"నిజమే, పాడతా" అన్నాడు తిర్తా అరుగు మీదనుంచి.

"ఓడిపోతే చోటు పోతుంది, ఆలోచించుకో" అన్నాను.

ఆలోచించుకుంది. ఎడమచేతి గోళ్ళు కొరుక్కుంది. వెళ్ళి కోర్టులో నిలబడింది.

ఈసారి తిర్తా తన ఆట తను ఆడాడు. వాడు బాగా ఆడతాడు. వెనింగ్ వెనకబడి, అందుకుని, మళ్ళీ వెనకబడింది. పిల్లల ఆటకి నాకెందుకో అంత కంగారు. చివర్లో వాడు ఎత్తి కొట్టిన కాక్‌ని ఆ పిల్ల ఎగిరి ఎడమచేత్తో మూలకి దించేసింది. తిర్తా దాన్ని ఏరి తెచ్చి ఆ పిల్లకిచ్చి, "సరే, నువ్వే వెళ్ళు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న బండి దగ్గర అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. "ఆటంటే చేతుల్లో లేదమ్మా, మర్యాదలో ఉంది. నేను పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పబట్టి నా మనవరాలు నెగ్గింది."

నేను నోరు తెరవబోతే వెనింగ్ నా చెయ్యి పట్టి లాగింది.

"రెండోసారి ఆడిన సంగతి చెప్పకండి టీచర్. తనే గెలిపించాననుకుని రాత్రంతా మురిసిపోయింది."

"మురిసిపోవడం సరే. పోటీకి కూడా పీట తెచ్చుకుంటానంటోందే. అక్కడ నా పరువేం కాను?"

"రానివ్వండి టీచర్" అంది వెనింగ్. "అక్కడ కూడా రెండుసార్లు గెలుస్తాను."