అంచులో ఒక కొమ్ము

బురుల్చా పిండి చేతులు కడుక్కుని చాయ్ గిన్నెలు అందిస్తోంది. బిష్కెక్‌లోని ఆ ఇంటికి వచ్చిన పెద్దమనిషి సాదిర్‌బాయ్, కొత్త కరెన్సీ నోట్ల కమిటీవాడు. కిర్గిజ్ దేశం విడిగా నిలబడ్డాక మొదటిసారి అచ్చు కాబోతున్న నోట్లవి. అందులో ఒకటి ఆమె భర్త ఎసెన్‌బెక్ గీసిందని అందరి లెక్క. మధ్యలో కొండలు అతనివే. చుట్టూ ఉన్న పొట్టేలు కొమ్ముల అంచు మాత్రం ఆరు నెలలు వంటకీ వంటకీ మధ్య బురుల్చా గీసింది. "ఊరికే ఇంట్లోనే ఉంటావుగా, కాస్త గీసిపెట్టు" అన్నాడు భర్త. ఆ కాస్తా నాలుగు వందల కొమ్ములు. ఎవరైనా మెచ్చుకుంటే "ఏదో, చెయ్యి అలా నడిచింది" అని మురిసిపోయేవాడు. "మావాడి వేళ్లలోనే ఉంది" అనేది అత్తగారు.

"ఈ మూల కొమ్ము ఒక్కటీ వెనక్కి తిరిగిందేం?" అన్నాడు సాదిర్‌బాయ్, నోటు బొమ్మని భూతద్దంలోంచి చూస్తూ.

ఎసెన్‌బెక్ మొహం మాడిపోయింది. "అది మా ఆవిడ గీసింది లెండి. ఎక్కడో చెయ్యి జారింది. రేపటికల్లా దిద్దిస్తాను."

ఆరు నెలల్లో అతను ఆమె ఊసెత్తడం అదే మొదలు. చెయ్యి జారలేదు. ఆమె అమ్మ కుట్టిన ప్రతి ఉన్ని షిర్దాక్ తివాచీలోనూ ఒక కొమ్ము అలాగే వెనక్కి తిరిగి ఉండేది. తివాచీ మీద పేరు కుట్టుకునే ఆనవాయితీ లేదు మరి. "ఎవరింట్లో పరిచినా నాదని నువ్వు పోల్చుకుంటావే" అనేది అమ్మ. అమ్మ పోయింది. తివాచీలన్నీ గడ్డురోజుల్లో అమ్ముడుపోయాయి. ఈ కొమ్ముతో నోటు అచ్చయితే రొట్టె కొనే చేతిలో, బస్సెక్కే చేతిలో అమ్మ ఉంటుందని బురుల్చా ఎంత ఆశపడిందో. చాయ్ గిన్నె అందించకుండా అలాగే పట్టుకు నిలబడింది.

"పెద్దల ముందు బిగుసుకుపోతావేం కోడలా? దిద్దుతానని చెప్పు" అంది అత్తగారు.

పద్నాలుగేళ్ల కాపురంలో మగవాళ్ల మాటల మధ్య ఆమె నోరెత్తింది లేదు.

"తప్పు నాదని మీరే చెప్పారు" అంది భర్తతో. "మిగతా కొమ్ములు ఎవరివో కూడా వీరికి చెప్పండి. అప్పుడు దిద్దుతాను."

అతను చెప్పలేదు. ఆమె దిద్దలేదు. ఇంకెవరితోనో ఆ పని చేయించారు.

నోటు బయటికొచ్చిన రోజు కిటికీ దగ్గర నిలబడి చూసుకుంది. నాలుగు వందల కొమ్ములూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఏడుపు ఆగలేదు. వాటిలో తను గీయనిది ఆ మూల కొమ్ము ఒక్కటే.